కారులో ఉపగ్రహ రేడియో: లాభమెంత, నష్టమెంత?

అమెరికాలో కారుమీద దూరప్రయాణము చేయువారికి చిరకాలముగా ఒక చిక్కు కలదు. ఊరు విడిచి నూరు కిలోమీటర్లు పోవునప్పటికి ఎఫ్.ఎం. స్టేషను గరగరలాడును; మరికొంత దూరము పోయినచో అదే అంకెమీద వేరొక ఊరి స్టేషను పలుకును. 88 నుండి 108 మెగాహెర్ట్జుల వరకు గల ఈ తరంగములు సుమారు మూడు మీటర్ల పొడవు గలవి. ఇవి ఇంచుమించు తిన్నగా సాగును గాని భూమి వంపు వెనుకకు అంతగా చేరజాలవు. మధ్యతరంగములు రాత్రివేళ వందల కిలోమీటర్లు పోగలవు. అయితే వానివెంట మెరుపుల రొదయు వచ్చును.

ఈ చిక్కు తీర్చుటకు ప్రసారస్తంభమునే ఆకాశమున కెత్తిరి. ఎక్స్.ఎం. కంపెనీ 2001 సెప్టెంబరులోను, సిరియస్ కంపెనీ 2002 ఫిబ్రవరిలోను చందాదారులకు ప్రసారములు ప్రారంభించినవి. 2008లో రెండును ఏకమైనవి. ఎక్స్.ఎం. ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైన దాదాపు 35,800 కిలోమీటర్ల ఎత్తున, చూపరులకు కదలనట్లుండును. సిరియస్ వారు మొదట వేరుదారి త్రొక్కిరి. మూడు ఉపగ్రహములను కోడిగ్రుడ్డువంటి కక్ష్యలలో త్రిప్పిరి. ఒక్కొక్కటి దినమునకు సుమారు 16 గంటలు భూమధ్యరేఖకు ఉత్తరముననే గడపెడిది. అందుచే ఉపగ్రహము నడినెత్తికి చేరువగానుండి, చెట్లు, మేడలు అడ్డుపడుట తగ్గెను. కెప్లరు సూత్రములు బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

మరియొక ఉపాయము ఇంకను చక్కనిది. ఒకే కార్యక్రమమును రెండు ఉపగ్రహములు పంపును. అందొకటి నాలుగు సెకండ్లు ఆలస్యముగా పంపును. కారులోని సెట్టు ముందు వచ్చినదానిని జ్ఞాపకమున దాచి, ఆలస్యముగా వినిపించును. కారు వంతెన క్రింద దూరినపుడు తప్పిపోయిన ముక్కను రెండవదానినుండి తీసి అతుకును. పాట తెగదు. మేడల నడుమ ఉపగ్రహము కనబడని నగరములలో నేలమీది పునఃప్రసారిణులు ఆ పని చేయును.

ఇంతవరకు మెచ్చుకొనవలసినదే. కాని ప్రకటనలు పొగడినది ఈ తెగకపోవుటను మాత్రమే కాదు, ధ్వని శుద్ధిని కూడ. ఇచ్చట లెక్క చూడవలెను. 2,320 నుండి 2,345 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీలో ఒక్కొక్క కంపెనీకి లభించినది 12.5 మెగాహెర్ట్జులు. అదియు మూడుపాళ్ళు కావలెను: రెండు పాళ్ళు రెండు ఉపగ్రహములకు, ఒకటి నేలమీది ప్రసారిణులకు. కార్యక్రమములకు నిజముగా మిగులునది నాలుగు మెగాహెర్ట్జులు. అందులో ఆరంభముననే నూరు ఛానళ్లు ఇమిడ్చిరి. సరాసరిన ఛానలుకు 40 కిలోహెర్ట్జులు! అమెరికాలో ఎఫ్.ఎం. స్టేషనులకు 200 కిలోహెర్ట్జుల ఎడము కలదు.

అంకెల రూపమున పంపు ధ్వనిని ఎఫ్.ఎం.తో ఒకే తూకమున తూచరాదనుట నిజమే. పెద్దధ్వని చాటున చెవికి సోకని చిన్నధ్వనులను విడిచిపెట్టి కుదించు పద్ధతులు కలవు. కాని కుదింపునకు హద్దు కలదు. అది మీరినపుడు తాళముల మ్రోత, సభలోని చప్పట్లు మొదట చెడును. గరగర లేకుండుట వేరు, ధ్వని శుద్ధముగానుండుట వేరు. ప్రకటనకర్తలు రెంటిని కలిపివేసిరి. స్తంభమునకు దగ్గరనున్న కారులో మంచి ఎఫ్.ఎం. ప్రసారమే మేలుగా వినబడవచ్చును. ఇంజను రొదలో ఆ తేడా పలువురకు తెలియకపోవుట ఉపగ్రహ కంపెనీల అదృష్టము.

స్థానికత విషయమున లోటు ఇంకను పెద్దది. పునఃప్రసారిణులు ఉపగ్రహమునుండి వచ్చినదానినే వినిపింపవలెను. ఆ ఊరికి ప్రత్యేకముగా కార్యక్రమము కల్పింపరాదని ప్రభుత్వ నిబంధన. 2004లో పెద్ద నగరముల రాకపోకల వార్తలకు ఛానళ్లు ఏర్పరచిరి గాని, వానిని దేశమంతటికి ప్రసారము చేయవలసివచ్చెను. చిన్న ఊరిలో వాగు పొంగి దారి తెగినచో ఆ మాట చెప్పవలసినది ఊరి స్టేషనే. రాష్ట్రములు దాటి పోవు లారీడ్రైవరునకు చందా సార్థకమే. ఇంటినుండి ఆఫీసునకు పోయివచ్చువానికి దండుగ.

మన దేశమునకును ఈ అనుభవము లేకపోలేదు. వరల్డ్‌స్పేస్ సంస్థ 2000 మార్చిలో ఆసియాస్టార్ ఉపగ్రహమును పంపెను. తెలుగు పాటలకై అందులో ‘స్పందన’ అను ఛానలు ఉండెడిది. నేలమీది పునఃప్రసారిణులు ఇచ్చట లేకుండుటచే అది కారులకెక్కలేదు. కిటికీయొద్ద ఏరియలును ఆగ్నేయదిశకు త్రిప్పి ఇంటనే వినవలసివచ్చెను. 2008లో సంస్థ దివాలా తీసెను. 2009 డిసెంబరు 31తో భారతదేశమున సేవ ఆగిపోయెను. ఎఫ్.ఎం. సెట్టు, ఒక స్టేషను మూతబడినచో మరొకదానిని పట్టును. ఆ ఉపగ్రహ సెట్టు ఒక్క సంస్థ సంకేతమునే విప్పగలది. ఆకాశమున ఆసియాస్టార్ ఉన్నను, ఇంట దాని సెట్టు మూగబోయెను.