ఒక బస్సు, మూడు బడి గంటలు

2017 నాటికి అమెరికాలోని బోస్టన్ నగరంలో బడిపిల్లల కోసం దాదాపు 650 బస్సులు తిరిగేవి. రోజూ ఎక్కే పిల్లలు పాతిక వేల మంది, వాళ్లను దించాల్సిన బడులు రెండు వందల పైచిలుకు. విద్యాశాఖ బడ్జెట్‌లో సుమారు పదోవంతు, అంటే ఏటా 10 కోట్ల డాలర్లకు పైగా, ఈ బస్సులకే పోయేది. ఖర్చు తగ్గే దారి చెప్పమని శాఖ ఆ ఏడాది ఒక పోటీ పెట్టింది. నెగ్గినవారు ఎం.ఐ.టి. ఆచార్యుడు దిమిత్రిస్ బెర్ట్సిమాస్, ఆయన విద్యార్థులు ఆర్థర్ డెలారూ, సెబాస్టియన్ మార్టిన్. వాళ్లు అల్లిన లెక్కను విప్పి చూస్తే పనితనమంటే ఏమిటో తెలుస్తుంది.

మొదట స్టాపులు. ప్రతి ఇంటి ముందూ ఆగితే బస్సు ఎప్పటికీ బడి చేరదు. పిల్లలు నడవగల దూరానికి ఒక హద్దు ఉంటుంది. అది దాటకుండా, వీలైనంత తక్కువ చోట్ల ఆగి అందర్నీ ఎక్కించుకునే కూడళ్లను ప్రోగ్రామ్ ఏరుతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో చాలామందికి మాత్రం బస్సు గుమ్మం ముందుకే రావాలి. ఆ స్టాపుల జోలికి ఎవరూ పోరు.

తరువాత ఆ స్టాపుల్ని ట్రిప్పులుగా గుచ్చాలి. అసలు తెలివంతా ఇక్కడుంది. మామూలుగా ఎవరైనా ఒక్కో బడికి అతి తక్కువ ట్రిప్పులు వేసి, అదే పొదుపనుకుంటారు. వీళ్లు ప్రతి బడికీ ఒక్క జవాబుతో ఆగలేదు. రెండు పొడుగు ట్రిప్పులతో ఒక ఏర్పాటు, మూడు పొట్టి ట్రిప్పులతో మరొకటి, ఇలా కొన్నింటిని సిద్ధం చేసి పక్కన పెట్టుకున్నారు. పొడుగు ట్రిప్పు బస్సును చాలాసేపు కట్టిపడేస్తుంది. పొట్టిదైతే తొందరగా వదిలేస్తుంది, ఆ బస్సు మరో బడికి పనికొస్తుంది. ఒక బడి లెక్కలో దండగ అనిపించిన మూడో ట్రిప్పు, ఊరంతటి లెక్కలో ఒక బస్సును మిగల్చవచ్చు.

ట్రిప్పుల్ని ఇలా బస్సులకు కూర్చడం మూడో మెట్టు. బోస్టన్‌లో బడి గంట ప్రధానంగా 7:30, 8:30, 9:30కి మోగేది. మొదటి బడిలో పిల్లల్ని దించిన బస్సు, రెండో బడి తొలి స్టాపుకు ఖాళీగా వెళ్లాలి. ఆ ఖాళీ పరుగూ రెండో ట్రిప్పూ కలిపి గంటలోపు ముగియాలి. పక్కన పెట్టుకున్న ఏర్పాట్లలో ఏ బడికి ఏది తీసుకుంటే బస్సులు బాగా అతుకుతాయో ప్రోగ్రామ్ అన్ని బడులకూ కలిపి ఒకేసారి తేలుస్తుంది. ఉద్యోగులు వారాల తరబడి కూర్చుని చేసిన పని అరగంటలో తెమిలింది.

ఇక మిగిలింది గంటల్నే కదపడం. ఎక్కువ బడులు ఒకే వేళకు మొదలైతే ఆ రద్దీకి సరిపడా బస్సులు ఉంచుకోవాల్సిందే, తరువాత అవి ఊరికే నిలబడినా సరే. అందుకని రెండేసి బడుల్ని జతగా చూసి, ఇది ఈ వేళకూ అది ఆ వేళకూ తెరిస్తే ఎంత ఖర్చో విలువ కట్టారు. కొన్ని బడుల వేళలు మార్చి చూడటం, మొత్తం మెరుగైతే ఉంచుకోవడం, మళ్లీ ఇంకొన్ని పట్టుకోవడం. కౌమారంలోని పిల్లలకు నిద్ర చాలాలంటే బడి 8:30కి ముందు తెరవకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పిన మాటనూ లెక్కలోకి తెచ్చారు.

పెద్దపిల్లల గంటను వెనక్కి జరపడంతో భారం చిన్నపిల్లల మీద పడింది. కొత్త వేళల ప్రకారం కొన్ని ప్రాథమిక బడులు దాదాపు రెండు గంటలు ముందుగా తెరవాలి. ఐదేళ్ల పిల్లను చీకటితో లేపి పంపాలా, మధ్యాహ్నం ఎవరు చూసుకుంటారు అని తల్లిదండ్రులు మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనదే.  కొత్త వేళల్ని 2017 డిసెంబరులో ప్రకటించి, ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. రూట్ల లెక్క మాత్రం ఆ విద్యాసంవత్సరం మొదటి నుంచే నడిచింది. 50 బస్సులు తగ్గాయి, ఏటా సుమారు 50 లక్షల డాలర్లు మిగిలాయి.