అమ్మ డబ్బు, మా ముగ్గురి లెక్క

ఫ్యామిలీ పెన్షన్, రెండు ఎఫ్‌డీలు, తెనాలి దగ్గర ఎకరంన్నర మాగాణి మీద కౌలు. అమ్మ రాసిచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో నేను చూసుకునేది ఇంతే. ఈ కాస్తలోనే అన్నయ్య డాలస్ నుంచి "ఎఫ్‌డీలు మాత్రం కదపకు" అంటాడు. అక్క విశాఖ నుంచి "రాత్రికి కూడా ఆయాని పెట్టు, అమ్మ డబ్బు అమ్మకి కాకపోతే ఎవరికి?" అంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, అదే చిక్కు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ ప్రకారం అడిగినప్పుడు నేను లెక్క అప్పజెప్పాలి. అడిగే హక్కు జీపీఏ ఇచ్చిన అమ్మది, తోబుట్టువులది కాదు. అయినా ప్రతి నెలా ఒకటో తారీఖున పుస్తకం పేజీలు ఫొటో తీసి ఇద్దరికీ వాట్సాప్‌లో పెడతాను. అడిగాక చూపించే లెక్క ఎంత సరిగ్గా ఉన్నా సంజాయిషీలాగే వినిపిస్తుంది. అమ్మ కోసమే పెట్టిన ఖర్చు మాత్రం రాస్తాను: మందులు, డైపర్లు, ఆయా జీతం. పాలు, కరెంటు బిల్లు నా ఇంటివి. వాటిలో అమ్మ వాటా తేల్చబోతే చారులో చింతపండు దాకా వెళ్లాలి. విచిత్రం ఏమిటంటే, ఆయాకిచ్చే 12,000 గురించి ఎవరూ నోరెత్తరు. పండక్కి అమ్మ మా అబ్బాయి చేతిలో పెట్టిన 500 దగ్గరే అన్నయ్య ఫోన్ వస్తుంది.

నా బెంగ వేరే. అమ్మకి ఇప్పుడు 81. అదే చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవాళ్ల మతి స్థిమితం తప్పితే జీపీఏ అక్కడితో సరి, రిజిస్టరు చేయించినా సరే. సరిగ్గా అవసరం పడే రోజునే చెల్లదన్నమాట! 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి వ్యవహారాలకి ఒకరిని నియమించే ఏర్పాటు ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో అది లేదు. అందుకే కుటుంబాలు హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తోంది. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. చాలా ఇళ్లలో మాత్రం గుట్టుగా పాత కాగితంతోనే నెట్టుకొస్తారు. మాట పట్టింపులున్న ఇంట్లో అది సాగదు, సాగకూడదు కూడా.

అందుకే తెలివిగా ఉన్నప్పుడే అన్నీ అమ్మనే అడుగుతున్నాను. ఎఫ్‌డీలు "ఐదర్ ఆర్ సర్వైవర్" చేయించమంది, అక్క పేరుతో. అన్నయ్య ఇంకా మాట్లాడలేదు. రాత్రి ఆయా మాత్రం వద్దే వద్దంది. పరాయి మనిషి గదిలో పడుకుంటే నిద్ర పట్టదట. అక్కకి కోపం వచ్చింది. ఆ నెల పేజీలో అమ్మ అన్న మాట అన్నట్టే రాసి, కింద ఆవిడ చేతే సంతకం పెట్టించాను.