మూడో తీగ

డెస్క్‌టాప్‌కి కొత్త ఫ్యాను పెట్టడమంటే నాలుగు మరలు బిగించి ప్లగ్గు గుచ్చేయడమే అనుకుంటారు చాలామంది. మరల వరకూ నిజమే. ప్లగ్గు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగమంటాను.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి కొన్నారనుకుందాం. దానికి సాధారణంగా నాలుగు తీగలుంటాయి. మొదటిది గ్రౌండు. రెండోది 12 వోల్టుల కరెంటు. నాలుగోది ఎంత వేగంగా తిరగాలో ఫ్యానుకి మదర్‌బోర్డు చెప్పే తీగ. నాకు బాగా ఇష్టమైనది ఈ మధ్యలో ఉన్న మూడోది. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే దీని మీదుగా బోర్డుకి రెండు సంకేతాలు వెళ్తాయి. నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 40 సంకేతాలు. బయోస్ తెరిస్తే కనిపించే ఆర్‌పీఎం అంకె బోర్డు వీటిని లెక్కపెట్టి చూపించేదే. తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి, వరస మారదు.

మన దగ్గర ఇంకో పద్ధతి బాగా పాతుకుపోయింది. బోర్డు మీద ఫ్యాను గుచ్చే పిన్నుల చోటు, అంటే హెడర్, వెతకడం ఎందుకని, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే లావుపాటి మోలెక్స్ ప్లగ్గుకే ఫ్యాను తగిలించేస్తారు. తిరుగుతుంది, సందేహం లేదు. పగలూ రాత్రీ పూర్తి వేగంతో, అదే హోరుతో తిరుగుతుంది. అయితే అక్కడ పనిచేసేవి రెండే తీగలు. బేరింగు అరిగి ఫ్యాను ఆగిపోయినా, లోపలి కేబులు రెక్కల్లో పడి ఇరుక్కున్నా బోర్డుకి తెలిసే దారి లేదు. పొలానికి నీళ్లు వదిలేసి మడి తడిసిందో లేదో చూడకుండా ఇంటికొచ్చేసినట్టు ఉంటుంది ఆ పని. క్యాబినెట్‌లో వేడి పేరుకుంటుంది, 95, 100 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇంట్లో వాళ్లకి తెలిసేది ‘సిస్టమ్ స్లో అయింది’ అన్నంతవరకే. ర్యామ్ కొనడానికి బయల్దేరతారు. ఆ ఖర్చు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అందుకే బోర్డు మీద హెడర్ వెతకండి. ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్నది ప్రాసెసర్ మీది ఫ్యానుకే వదిలేయాలి. అక్కడ సంకేతం అందకపోతే చాలా బోర్డులు ఆన్ చేయగానే తప్పు చూపించి ఆగిపోతాయి. క్యాబినెట్ ఫ్యానుకి ‘సిస్ ఫ్యాన్’ అనో ‘సీహెచ్‌ఏ ఫ్యాన్’ అనో రాసి ఉన్న చోటు ఉంటుంది. మీ ఫ్యానుకి మూడే తీగలున్నా నాలుగు పిన్నుల హెడర్‌లో చక్కగా కూర్చుంటుంది. పక్కనున్న ప్లాస్టిక్ గోడ మొదటి మూడు పిన్నులకే ఆనుకుని ఉండేలా చేశారు కాబట్టి తప్పుగా గుచ్చడం కష్టం. ఇది తీర్చిన చేయి ఎవరిదో గానీ, దండం పెట్టాలి. మూడు తీగల ఫ్యాను పెట్టినప్పుడు బయోస్‌లో ఆ హెడర్‌ని డీసీ మోడ్‌కి మార్చాలి. నాలుగో తీగ మీద ఆధారపడే పీడబ్ల్యూఎం మోడ్‌లోనే వదిలేస్తే ఆ ఫ్యాను ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది.

లైట్లున్న ఫ్యానుకి ఇంకో ప్లగ్గు ఉంటుంది. 5 వోల్టుల లైట్లని 12 వోల్టులకి కలిపితే మాడిపోతాయి, బోర్డు మీద రాసింది చదివి పెట్టండి.

మా పక్కింటి కుర్రాడు అడిగాడు, “ఎటు తిప్పి పెట్టినా తిరుగుతుంది కదా అంకుల్?” అని. “తిరుగుతుంది నాన్నా, గాలి ఎటు పోతోందో చూడు” అన్నాను. మోటారుని పట్టుకునే అడ్డకమ్మీలు ఎటువైపుంటే గాలి అటు బయటికొస్తుంది. క్యాబినెట్ ముందు నుంచి గాలి లోపలికి రావాలి, వెనక నుంచి, పై నుంచి బయటికి పోవాలి. వాడు కాగితం ముక్క అడ్డం పెట్టి చూసుకుని, తీసి తిప్పి బిగించాడు.

ఎంత మంచి ఫ్యానైనా గదిలో ఉన్న గాలినే లోపలికి తోస్తుంది. గదికన్నా చల్లగా ప్రాసెసర్‌ని ఉంచలేదు. జనవరిలో 22 డిగ్రీల గదిలో 65 దగ్గర పనిచేసిన ప్రాసెసర్, మే నెలలో 40 డిగ్రీల గదిలో అదే ఫ్యాను వేగంతో, అదే పనికి దాదాపు 83కి చేరుతుంది. పల్నాడు ఎండల్లో ఏసీ లేని గది అయితే ఇంకా పైకి. కాబట్టి చలికాలంలో పెట్టుకున్న ఫ్యాను కర్వ్, అంటే ఎంత వేడికి ఎంత వేగం అనే అమరిక, ఎండాకాలానికి సరిపోదు. ఏప్రిల్‌లోనే బయోస్‌లోకి వెళ్లి, ఫ్యాను వేగం పెరగడం పది డిగ్రీలు ముందుగా మొదలయ్యేలా సవరించుకోండి. ఫ్యాను ఆగితే హెచ్చరించే అమరిక చాలా బోర్డుల్లో ఉంటుంది, ఆన్ చేయనిదే పనిచేయదు. పనిలో పనిగా దాన్ని కూడా ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి.