ప్రక్కప్రక్కన నడచువారు

2022వ సంవత్సరమున వెలువడిన ‘కోల్డ్ ఎనఫ్ ఫర్ స్నో’ అను ఆంగ్ల నవలను చేతికి తీసికొన్న పాఠకుడు, ఇంచుమించు నూఱు పుటల ఆ పుస్తకమును ఒక్క సాయంకాలమున ముగించి లేచినపిమ్మట, ఇందులో ఏమి జరిగినదని ఇంటివా రడిగినచో తడుముకొనక తప్పదు. పేరు చెప్పని కూతురొకతె తన తల్లితో కూడ అక్టోబరు మాసమున జపాను దేశమున పర్యటించును. ఇద్దఱును కాలువల గట్లవెంట నడతురు, చినుకులలో గొడుగులు విప్పుదురు, చిత్రశాలలు చూతురు, పూటకూళ్లయిండ్లలో భుజింతురు, మరల రైలెక్కుదురు. తల్లి హాంకాంగున పెరిగి పరదేశమునకు వలసపోయినది. తల్లియు కూతురును ఇప్పుడు వేర్వేఱు నగరములవారు. రచయిత్రి జెస్సికా ఔ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరవాసిని. ఆస్ట్రేలియా, బ్రిటను, అమెరికా దేశముల ప్రచురణకర్తలు ముగ్గురు కలిసి నెలకొల్పిన నవలా బహుమానము మొట్టమొదట ఈ గ్రంథమునకే దక్కినది. ఏమియు జరుగని కథకు ఇంత గౌరవ మేల యని విసుగుకొనువారు మనలోను కలరు. వారికై ఈ పద్ధతి పనిముట్లను కొంచెము విప్పి చూపవలెనని నా సంకల్పము.

ఇంటిలో తల్లి యనగా ఒక స్థానము. వంటయిల్లు, దేవునిమందిరము, వాకిలి అరుగు—వీనిలో దేనిచెంతనో ఆమెను నిలిపి చూచుటకు మనము అలవాటుపడితిమి. ప్రయాణము ఆ స్థానమును తీసివేయును. టిక్కెట్లు కూతురి చేతిలో నుండును, త్రోవ కూతురికి తెలియును, తల్లి రెండడుగులు వెనుకగా వచ్చును. తల్లితో తీర్థయాత్రకు పోయినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. ‘రేపెక్కడికి పోదమమ్మా?’ అని యడిగినచో ‘నీ యిష్టమే తల్లీ, నాకేమి తెలియును’ అనును. ఆ సమాధానము వినయమో, అలసటయో, మాటలేకుండ పెట్టిన పరీక్షయో కూతునకు ఏనాటికిని తేటపడదు. ఔ నవలలోని తల్లి కూడ అన్నిటికిని సరే యనునదియే. ప్రతిదినమును ఎంతో శ్రద్ధతో ఏర్పఱచి, ఈ చిత్రము చూచి అమ్మ ఏమనునో, ఈ తోట చూచి ఏమనునో యని ఎదురుచూచు కూతునకు ఆ ‘సరే’ కంటె దాటరాని గోడ మఱియొకటి లేదు.

ఎదురెదురుగా కూర్చున్నవారు మాటలాడక తీరదు. ప్రక్కప్రక్కన నడచువారికి చూచుటకు వేఱొక వస్తువు దొరకును. ఈ జాతి రచనకు ఇదియే మూలసూత్రము. ఔ ఒక్క సంభాషణకైనను ఉద్ధరణచిహ్నములు పెట్టలేదు, గ్రంథమును ప్రకరణములుగా విభజింపలేదు. తల్లి చెప్పినది కూతురి కథనమునుండియే మనకు చేరుచుండుటచే, వినబడినది తల్లి గొంతుకయో, కూతురి జ్ఞాపకమో వేఱుచేయుట దుర్ఘటమగును. కూతురు ప్రశ్న వేయును. తల్లి కొద్దిగా బదులు చెప్పును. వెంటనే వాక్యము కప్పుమీదికో, వానమీదికో, పటముమీదికో మరలిపోవును. ఆ మరలిన చోటినుండియే హాంకాంగున పక్షుల అంగడిలో పనిచేసిన మేనమామ కథ, విద్యార్థిదశలో తాను చీనా భోజనశాలలో వడ్డించిన రాత్రులు, అక్కయు అక్క బిడ్డలును ఒకరివెనుక నొకరుగా వచ్చి, పిలిచినట్లు గాక తారసపడినట్లు నిలుచుందురు. ఇవి కథాప్రవాహమునకు అడ్డములని తలచి పుటలు త్రిప్పివేయరాదు. తల్లితో ముఖాముఖి పలుకలేని మాట లన్నియు వీనియందే దాగినవి.

ఈ నేర్పు నిన్న మొన్నటిది కాదు. ఆ తల్లియు కూతురును తిరుగాడిన దేశముననే వేయేండ్లకు పైబడిన యాత్రారచనాసంప్రదాయ మొకటి కలదు. ‘కోకిన్‌షూ’ అను రాజాస్థాన పద్యసంకలనమును కూర్చినవారిలో అగ్రగణ్యుడగు కి నో త్సురయుకి, షికోకు ద్వీపమందలి తోసా మండలమునకు పాలకుడుగా పోయి, పదవీకాలము తీరినపిదప, 934–935 సంవత్సరముల సంధికాలమున రాజధానికి మరలి వచ్చెను. ఆ 55 దినముల ప్రయాణమే ‘తోసా నిక్కి’. పురుషులు దినచర్యలను చీనా భాషలో వ్రాసికొను ఆ కాలమున, ఆయన స్త్రీ వేషము దాల్చిన కథకుడై, కనా లిపిలో, దేశభాషలో వ్రాసెను. అందు ప్రతిదినమును నమోదైన విషయము లెంతయో సామాన్యములు: గాలి అనుకూలింపలేదు, ఓడ కదలలేదు, వీడ్కోలుకు వచ్చినవారు మితిమీరి త్రాగిరి, సముద్రపు దొంగల భయము. ఈ చిల్లర సంగతుల నడుమ, దినమువిడిచి దినము, ఒక లేమి తల యెత్తుచుండును. రాజధానిలో పుట్టి వారివెంట పోయిన ఆడుబిడ్డ తోసాలో మరణించినది. తిరుగు ఓడలో తల్లి కలదు, బిడ్డ లేదు.

ఒక చోటు మాత్రము నిదానించి చూడదగినది. వాతావరణము బాగుండలేదని ఓడ నిలిచిన దినమున, ఆ తీరపు టిసుకలో అందమైన చిప్పలు పెక్కు కనబడును. వానిలో ఒక జాతిచిప్ప, ఏఱినవారికి ఎడబాటును మఱపించునని వారి కవులకు పరంపరగా వచ్చిన ప్రసిద్ధి. ఓడలో నొకరు, అలలు ఆ చిప్పను ఒడ్డునకు త్రోసినచో దిగి యేఱుకొందునని పద్యము చెప్పుదురు. అది వినిన మఱియొకరు, మఱపు తనకు వలదనియు, ముత్యమువంటి బిడ్డను తలచి పరితపించుటయైనను గుర్తుగా మిగులుననియు బదులు చెప్పుదురు. ఇక్కడ సామాన్యరచయిత యైనచో కన్నీటి కాలువ త్రవ్వియుండును. త్సురయుకి యట్లు చేయక, ఆ బిడ్డ ముత్యమంతటిది కాదులెమ్మని ఎవరైన నందురేమో యని తానే యొక చిన్న చురక వేసి, మరల ఓడ కదలని దినముల లెక్కలో పడిపోవును. దుఃఖమును చిప్పమీద పెట్టుట ఒక నేర్పు. పెట్టినపిమ్మట దానిని తేలికపఱచినట్లు నటించుట అంతకు మించిన నేర్పు.

1279లో అబుత్సు అను సన్న్యాసిని, కుమారునకు రావలసిన భూమికై వ్యాజ్యమాడుటకు క్యోతోనుండి కామకురకు పోవుచు వ్రాసిన ‘ఇజయోయి నిక్కి’ యందు ఇంకొక ఉపాయము కనబడును. పూర్వకవులు పాడిన స్థలముల పేర్లు చాలును, పేరు పలికినమాత్రమున పాతపద్యములన్నియు వెంటబడి వచ్చును. మన కావ్యములలో గోదావరి పేరు ఒంటరిగా రాదు గదా. ఔ దీనికి విలోమముగా చేసినది: తాము చూచిన చిత్రశాలల, ఆలయముల పేర్లను చాలవఱకు దాచినది. స్థలము తెలియకుండుటచే చూచినవారి చూపు మాత్రమే మిగిలినది. ఈ పోలికలు నావి, ఆమెవి కావు.

చలనచిత్రమున ఈ పద్ధతికి ఓజు యసుజిరో సాటి. 1949 నాటి ‘లేట్ స్ప్రింగ్’ చిత్రమున, పెండ్లికి ముందు తండ్రితో క్యోతోకు పోయిన కూతురు, సత్రమున దీపము తీసినపిమ్మట ఆయనతో ఏదో మాటలాడును. ఆయన అప్పటికే నిద్రపోయెను. ఆమె చిఱునవ్వు మనకు కనబడును. పిదప గది మూలనున్న ఒక కలశము కనబడును. మరల ఆమెను చూచునప్పటికి మొగము మాఱిపోయినది. ఆ కలశ మెందులకని పండితులు నేటికిని వాదించుచున్నారు. 9వ శతాబ్దమున కాశ్మీరమున ‘ధ్వన్యాలోకము’ రచించిన ఆనందవర్ధనుని చదివినవారికి ఆ వాదము వింతగా తోపక మానదు. చెప్పిన యర్థమును దాటి స్ఫురించు నర్థమే కావ్యమున కాత్మయని యంగీకరించినపిదప, కలశమునకు అర్థమేమని నిలదీయుట అనవసరము. అయితే మన కవులు ధ్వనిని శృంగారమున సాధించినంతగా తల్లీబిడ్డల సంబంధమున సాధింపలేదని నా యభిప్రాయము. వాత్సల్యమనగానే మనకు గొంతు పూడుకొనిపోవును.

ఔ నవలయందు లోపము లేదనను. కూతురి అభిరుచి మితిమీరి సుకుమారమైనది. ఏ పింగాణిపాత్ర మంచిదో, ఏ వెలుతురు చక్కనిదో తెలిసిన ఆ కన్ను అక్కడక్కడ పాఠకునకు చలి పుట్టించును. ఆ చలి ఆమె శీలములోనిదే యని సమాధానము చెప్పవచ్చునుగాని, ఒకటి రెండు చిత్రశాలల చెంత నాకు కాలు నొచ్చినది.

చివరి భాగమున కూతురు తల్లిని విడిచి ఒంటరిగా కొండదారిని నడచి వచ్చును. సత్రమునకు మరలి తల్లిని గుఱించి యడుగగా, ఆ గది యొక్కరికే తీసికొనబడినదని అచటి ఉద్యోగి చెప్పును. తల్లి తరువాత కనబడినను, ఈ ఒక్క మాట పట్టుకొని, తల్లి ఎప్పుడో చనిపోయినదనియు, కూతురు జ్ఞాపకముతో యాత్ర చేయుచున్నదనియు తేల్చినవారు కొందఱు. తోసా ఓడను చూచినవారికి ఆ యూహ సహజమే. అచట తల్లియుండి బిడ్డ లేదు, ఇచట బిడ్డయుండి తల్లి యున్నదో లేదో. కాని ఈ పద్ధతిని ఎఱిగిన రచయిత్రి సందేహమును తీర్చుటకు గాక నిలుపుటకే ఉద్యోగిచేత ఆ మాట చెప్పించినదని నాకు తోచును. లెక్కపుస్తకమును నమ్మినవారు కడపటి పుటలను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. అక్కడ తల్లి వంగి చెప్పులు తొడుగుకొనలేక, సాయము చేయుమని కూతురి నడుగుచున్నది. నీడమాత్రమగు తల్లికి నడుము వంగకపోవుట యేల?