భాగం 9: అహం, ఆత్మసమర్పణ – జార్జ్ హెర్బర్ట్ ‘ది కాలర్’ కవితా విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ‘ది కాలర్’ కవితలోని తిరుగుబాటు స్వభావాన్ని వివరించగలుగుతారు.
• కవితా నిర్మాణానికీ ఆత్మసమర్పణ భావనకూ గల సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• సమర్పణకూ లొంగుబాటుకూ గల తేడాను చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

క్రైస్తవ చింతనలో గర్వాన్ని పాపాలకు మూలంగా చెబుతారు. గెత్సేమనే తోటలో యేసు తన ఇష్టం కాక తండ్రి చిత్తమే నెరవేరాలని ప్రార్థించిన ఘట్టం విశ్వాసులకు ఆదర్శం. అయితే చాలా భక్తిగీతాలు సమర్పణ పూర్తయిన తరవాత పాడినవి. వాటిలో శాంతి వినిపిస్తుంది కాని, ఆ శాంతికి ముందు జరిగిన పెనుగులాట వినిపించదు. 17వ శతాబ్దపు ఆంగ్ల కవి జార్జ్ హెర్బర్ట్ ఆ పెనుగులాటనే కవితావస్తువుగా తీసుకున్నాడు. అందుకే విశ్వాసం లేని పాఠకుణ్ణి కూడా ఈ కవిత ఆకట్టుకుంటుంది.

9.2 కవి

హెర్బర్ట్ 1593లో ఉన్నత కుటుంబంలో పుట్టాడు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో 1620లో అధికార వక్త పదవి పొందాడు. 1624లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. రాజాస్థానంలో పెద్ద పదవి దక్కే దారిలో ఉన్న ఇతడు చివరకు 1630లో సాలిస్‌బరీ దగ్గరి బెమర్టన్ అనే చిన్న గ్రామంలో గురువుగా చేరాడు. మూడేళ్ళు కూడా నిండకుండానే 1633లో మరణించాడు. అదే సంవత్సరం అతని కవితలు ‘ది టెంపుల్’ పేరుతో వెలువడ్డాయి.

ఈ జీవితకథ తెలిశాక, కవితలో మాట్లాడే వ్యక్తి హెర్బర్టే అని మీరు వెంటనే నిర్ణయించుకోకండి. వదులుకున్న పదవుల మీద మమకారం అతనికి పరిచితమే కావచ్చు. కాని కవితలోని వక్త ఎవరైనా కావచ్చు.

9.3 కవితావస్తువు

36 పంక్తుల ఈ కవిత బల్ల మీద గుద్దిన చప్పుడుతో మొదలవుతుంది. ఇక చాలు, వెళ్ళిపోతానంటాడు వక్త. ఎన్నాళ్ళని అర్జీ పట్టుకుని నిలబడాలి? ఇన్నాళ్ళ సేవకు దక్కిన పంట ముల్లేనా? తన నిట్టూర్పులకు ద్రాక్షారసం ఎండిపోయిందనీ, తన కన్నీళ్ళకు ధాన్యం మునిగిపోయిందనీ వాపోతాడు. తరవాత తన మనసుకే ధైర్యం చెప్పుకుంటాడు. తనను కట్టి ఉంచిన నియమాలు నిజానికి ఇసుకతో పేనిన తాడు వంటివనీ, అది గట్టి మోకు అని తానే భ్రమపడ్డాననీ అంటాడు.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. బల్ల, ముల్లు, నెత్తురు, ద్రాక్షారసం, ధాన్యం – వక్త తన ఫిర్యాదుకు వాడుకున్న ఈ మాటలన్నీ ప్రభురాత్రి భోజనాన్నీ, సిలువ శ్రమనూ గుర్తుచేస్తాయి. వదిలిపోతానంటున్నవాడు తాను వదలదలచిన ఇంటి భాషలోనే మాట్లాడుతున్నాడు. ఆ సంగతి అతనికి తెలియదు. పాఠకుడికి తెలుస్తుంది. కవితలోని వ్యంగ్యం ఇదే.

శీర్షికకు సరితూగే ఒకే తెలుగు మాట లేదు. అది మెడకు తగిలించే పట్టీ. ఉచ్చారణలో అదే మాట కోపం అనీ, పిలిచేవాడు అనీ కూడా వినిపిస్తుంది. తెలుగు బైబిలు చదివినవారికి ‘కాడి’ అనే మాట స్ఫురించడం సహజం. నేడు పాస్టర్లు ధరించే తెల్లని కాలర్‌ను మాత్రం ఇక్కడికి తీసుకురాకూడదు. ఆ వేషం తరవాతి కాలానిది.

9.4 నిర్మాణం

మొదటి 32 పంక్తులలో పొడవు ఒక తీరుగా ఉండదు. అంత్యప్రాసలు ఉన్నాయి కాని, వాటికి జత ఎక్కడ దొరుకుతుందో ఊహించలేం. వక్త మనసులాగే ఛందస్సు కూడా కట్టు తెంచుకుంది. చివరి నాలుగు పంక్తులలో ప్రాస ఒకటి విడిచి ఒకటిగా కుదురుకుంటుంది. ఎవరో బిడ్డను పిలిచినట్టు ఒక్క మాట వినపడుతుంది. వక్త దాసుడు యజమానికి పలికినట్టు బదులిస్తాడు. కవిత ముగుస్తుంది.

దేవుడు ఇక్కడ వాదించలేదు. ఏ ఒక్క ఫిర్యాదునూ ఖండించలేదు. బంధుత్వాన్ని గుర్తుచేశాడు, అంతే. పిలుపు బిడ్డకు వచ్చింది, బదులు దాసుడి నుంచి వెళ్ళింది. లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడు కూడా తనను కూలివానిగా పెట్టుకోమని అడగాలనుకునే ఇంటికి బయలుదేరాడు. తండ్రి అతణ్ణి కొడుకుగానే చేర్చుకున్నాడు.

మరొక విశేషం, వక్త ఈ ఘట్టాన్ని జరిగిపోయిన సంగతిగా భూతకాలంలో చెబుతున్నాడు. అంటే శాంతించిన తరవాత వక్త తన కోపాన్ని తలచుకుంటున్నాడు. అయినా దాన్ని తగ్గించి చెప్పలేదు.

9.5 జాన్ డన్‌తో పోలిక

హెర్బర్ట్ కుటుంబానికి మిత్రుడైన జాన్ డన్ కూడా ఈ వస్తువు మీద రాశాడు. ‘హోలీ సానెట్స్’లో ఒకచోట తన హృదయాన్ని బద్దలుకొట్టి లోబరచుకోమని దేవుణ్ణి వేడుకుంటాడు. ఆ సానెట్ శక్తిమంతమైనది. కాని తనను ఎలా జయించాలో దేవుడికే ఆజ్ఞలిచ్చే గొంతు అది. అహాన్ని వదులుకుంటానంటూనే అహం పెత్తనం చేస్తోంది. హెర్బర్ట్ వక్త మాత్రం లొంగుతానని ఎక్కడా ప్రకటించడు. పిలిస్తే పలుకుతాడు. ఈ ఒక్క విషయంలో హెర్బర్ట్ కవిత లోతు ఎక్కువ.

9.6 ఒక అభ్యంతరం

‘అణకువ’ను మన సమాజంలో అందరికీ ఒకేలా బోధించలేదు. కింద ఉన్నవారికే ఎక్కువగా బోధించారు. ‘నా ఇష్టం’ అనే అవకాశమే ఎన్నడూ లేనివారు ఏ గర్వాన్ని సమర్పించాలి? హెర్బర్ట్‌కు వదులుకోవడానికి పదవులు ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. కవిత దీనికి పూర్తి సమాధానం ఇవ్వదు. కాని రెండు విషయాలు చెబుతుంది. వక్త ఏ బిషప్పుకూ, ఏ ప్రభువుకూ, ఏ మనిషికీ తలవంచలేదు. అంతకంటే ముఖ్యంగా, తలవంచే ముందు అతనికి 32 పంక్తుల పాటు కాదనే స్వేచ్ఛ దొరికింది. మధ్యలో ఎవరూ నోరు మూయించలేదు. కాదనగలిగినవాడు అవునన్నప్పుడే అది సమర్పణ. కాదనే వీలు లేనిచోట జరిగేది లొంగుబాటు.

9.7 సారాంశం

‘ది కాలర్’ గర్వాన్ని నిందించే కవిత కాదు. గర్వానికి చివరిదాకా మాట్లాడే అవకాశమిచ్చి, ఒక్క పిలుపుతో దాన్ని శాంతింపజేసే కవిత. భక్తి కవిత్వాన్ని పరిశీలించేటప్పుడు మీరు ఈ ప్రశ్న వేసుకోండి: ఇందులో కాదనే గొంతుకు చోటుందా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వక్త ఫిర్యాదులోని పదజాలం అతని ఉద్దేశానికి ఎలా ఎదురు తిరుగుతుంది?
2. చివరి నాలుగు పంక్తులలో ఛందస్సు మారడం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?
3. మీకు తెలిసిన ఒక తెలుగు భక్తిరచనను తీసుకుని, సమర్పణ, లొంగుబాటు అనే తేడా దృష్ట్యా సమీక్షించండి.