కోడ్ నంబరూ ఇంటిపేరూ

ఏడాది చివర మూడు గంటల్లో రాసే పరీక్ష ఒక్కటే విద్యార్థి గ్రేడుని తేల్చాలా, లేక ఏడాది పొడుగునా వేసే ఇంటర్నల్ మార్కుల్ని కూడా కలపాలా అన్న చర్చ మళ్ళీ మళ్ళీ వస్తూనే వుంది. మన విద్యావేత్తలు దీన్ని ఎప్పుడూ ఒకేచోట మొదలెడతారు: బట్టీ చదువు, ఒత్తిడి, సృజనాత్మకత, సమగ్ర వికాసం. వీటిని కాదనేవాళ్ళెవరు? కానీ వాళ్ళు అడగని ప్రశ్న ఒకటుంది. మార్కులు వేసే మనిషికి ఆ పేపరు ఎవరిదో తెలుసా, తెలీదా? దళిత విద్యార్థికి చర్చ ఇక్కడ్నించి మొదలవుతుంది.

పదో తరగతి పబ్లిక్ పరీక్షనే తీసుకుందాం. జవాబు పత్రం మీద విద్యార్థి వివరాలున్న ముక్కని వేరుచేసి, కోడ్ నంబరు వేసి, స్పాట్ వాల్యుయేషన్‌కి పంపుతారు. దిద్దే పంతులుకి ఆ పిల్ల ఊళ్ళోదో, వాడలోదో తెలీదు. ఈ ఏర్పాటు మన మీద ప్రేమతో పుట్టింది కాదు, పైరవీల భయంతో పుట్టింది. అయినా సరే, తండ్రి పనీ ఇంటిపేరూ అడక్కుండా రాసిన దాన్ని మాత్రమే చూసే చోటు దళితుల పిల్లలకి ఈ దేశంలో ఇంకెక్కడ దొరికింది?

ఇంటర్నల్ మార్కులకి ఈ అడ్డుగోడ లేదు. 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం కావాలంది. ఆ దారిలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి మార్కులు 80 పరీక్షకీ, 20 బడికీ అయ్యాయి. కాగితం మీద మంచి ఆలోచనే. ఆచరణలో ప్రాజెక్టు అంటే చార్టులు, స్కెచ్ పెన్నులు, ప్రింటవుట్లు, ఇంట్లో చదువుకున్నవాళ్ళ సాయం. కూలికెళ్ళే తల్లి కూతురికి ఇవన్నీ ఎవరిస్తారు? ప్రైవేటు స్కూళ్ళు మాత్రం ఇరవైకి ఇరవై వేసుకున్నాయి. కరోనా వల్ల 2021లో పరీక్షలు లేక బడి మార్కులతోనే గ్రేడ్లిస్తే, తెలంగాణలో 2 లక్షల మందికి పైగా 10కి 10 వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ 20 మార్కుల్ని ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరులో ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, వెంటనే తర్వాతి ఏడాదికి వాయిదా వేసింది. ఈ చర్చంతా ప్రైవేటు స్కూళ్ళ దుర్వినియోగం చుట్టూనే తిరిగింది. కులం మాట నేనెక్కడా వినలేదు.

పై చదువుల్లోకి పోయేకొద్దీ పంతులు చేతిలో మార్కులు పెరుగుతాయి. సెమినార్, ప్రాక్టికల్స్, వైవా. ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎక్కువమంది ఫిర్యాదు చేసింది వీటి గురించే. జె.ఎన్.యు. ప్రవేశాల్లోనూ ఇదే కథ. విద్యార్థులు ఏళ్ళ తరబడి గొడవ చేస్తే వేసిన నఫే కమిటీ, రాతపరీక్ష మార్కులకీ వైవా మార్కులకీ మధ్య తేడా వుందనీ, అందులో సామాజిక వర్గాన్ని బట్టి వివక్ష కనబడుతోందనీ 2016లో చెప్పి, వైవాని 30 మార్కుల నించి 15కి తగ్గించమంది. అదే ఏడాది యు.జి.సి. ఏం చేసింది? ఎం.ఫిల్., పి.హెచ్.డి. ప్రవేశాల్లో రాతపరీక్షని కేవలం అర్హతకి పరిమితం చేసి, ఎంపికంతా వైవా చేతిలో పెట్టింది! 2018లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టేదాకా అదే నడిచింది.

ఇక్కడ ఇంకో సంగతి దాచకుండా చెప్పుకోవాలి. రేమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. పిల్లల జవాబు పత్రాల మీద కులాన్ని లాటరీ వేసినట్టు మార్చి మార్చి రాసి టీచర్ల చేత దిద్దించారు. కింది కులం అని రాసివున్న పేపరుకి కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే. మింగుడుపడనిది ఏంటంటే, అలా తగ్గించింది ఎక్కువగా కింది కులాల టీచర్లే. నేనూ ఇంటర్నల్స్ వేసినవాణ్ణే. మనవాడికి ఎక్కువేశాడంటారేమోనని అర మార్కు వెనక్కి లాగిన సందర్భం నాకు గుర్తుంది. కాబట్టి అగ్రకుల పంతుల్ని తిట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. మన బుర్రల్లోకి కూడా దూరిన కులాన్ని మన మంచితనం ఆపలేదు. పేపరు మీద పేరు లేకపోవడమే ఆపుతుంది.

అయితే చివరి పరీక్షే మన పరీక్షా? కాదు. కోడ్ నంబరు పేరుని దాస్తుంది గానీ భాషని దాచలేదు. వాడ తెలుగు రాసిన పిల్ల జవాబు తెలిసినా ఎర్ర సిరా గీతలు తింటుంది. కోచింగ్ కొనుక్కున్నవాడూ, హాస్టల్ గదిలో పదిమంది మధ్య చదువుకున్నవాడూ ఒకే మూడు గంటలు రాస్తే దాన్ని 'మెరిట్' అనడం మోసం. పైగా ఆ ఒక్క పరీక్షనీ సక్రమంగా దిద్దుతారన్న నమ్మకమైనా వుందా? తెలంగాణ ఇంటర్ ఫలితాలు 2019 ఏప్రిల్‌లో వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. ఫలితాల పని ఒక ప్రైవేటు సంస్థకి అప్పజెప్పారు. ఫెయిలైన 3 లక్షల మందికి పైగా విద్యార్థుల పేపర్లు మళ్ళీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అన్నీ ఒకే రోజు మీద పెట్టిన చదువులో ఆ రోజు తప్పు లెక్క పడితే పిల్లలకి ఇంకో ఆసరా లేదు.

మనం అడగాల్సింది వేరే వుంది. మార్కుల్ని ఏడాది పొడుగునా పంచండి, అభ్యంతరం లేదు. కానీ ప్రతి రాత పేపరుకీ కోడ్ వేయండి, పాఠం చెప్పినవాళ్ళు కాకుండా వేరే బడి, వేరే కాలేజీ వాళ్ళు దిద్దాలి. వైవా వుంటే రాతపరీక్ష మార్కులు తెలీనివాళ్ళు చెయ్యాలి. ఆ మార్కులూ రాత మార్కులూ పక్కపక్కన, సామాజిక వర్గం వారీగా ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి. దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి వుందని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పిచ్చింది. మన విద్యార్థి సంఘాలు ఈ జూన్‌లో ప్రతి హాస్టల్లో ఆ దరఖాస్తు ఎలా రాయాలో నేర్పడంతో మొదలెట్టొచ్చు.