బొటనవేలి కింద ఒక బొత్తాం

రాజాం బజార్లో సరుకు దించే బళ్లలో ఆటోమేటిక్ కనిపించడం అరుదు. బొలేరో పికప్, టాటా ఏస్, దోస్త్... ఏది చూసినా ఎడమ కాలి కింద క్లచ్చి, ఎడమ చేతి కింద గేరు రాడ్డు. అందుకే మా ఎరికలో ఒకాయన ఆరు గేర్ల ఆటోమేటిక్ పికప్ కొన్నప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లలో సగంమంది బండిని వదిలేసి లోపలికి వంగి, లేని క్లచ్చిని వెతికారు. "మరి గేర్లు ఎవులేస్తారు బావూ?" అని ఒక ముసలాయన అడిగాడు. లారీల మీద నెరిసిన జుట్టు ఆయనది. అందరూ నవ్వారు గానీ, దానికి సరైన జవాబు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. జవాబులో కొంత గేర్‌బాక్సు పనితనం ఉంది, కొంత డ్రైవరు పనితనం ఉంది. రెండూ కలిసే చోటు పేరు ఓవర్‌డ్రైవ్.

అదేమీ మనకు తెలియని వింత కాదు. చాలా ఐదు గేర్ల పికప్‌లలో ఐదోది ఓవర్‌డ్రైవే. నాలుగో గేరులో ఇంజను ఒక చుట్టు తిరిగితే కింది ప్రొపెల్లర్ షాఫ్టూ ఒక చుట్టే తిరుగుతుంది. ఐదోదానిలో షాఫ్టు ఒకటికి మించి తిరుగుతుంది. బండి అదే వేగంతో పోతుంటే ఇంజనుకు మాత్రం తిరుగుడు తగ్గుతుంది. తిరుగుడు తగ్గితే రొద తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, డీజిలు మిగులుతుంది. వీటికి బదులుగా వదులుకునేది లాగే బలం.

అయితే చేత్తో వేసే గేరులో పెద్ద చక్రం, చిన్న చక్రం పక్కపక్కన కూర్చుని ఈ పని చేస్తాయి. ఆటోమేటిక్‌లో దీన్ని చేసే అమరిక చూస్తే ముచ్చటేస్తుంది. నేను దాన్ని మొదట చూసింది ఆటోమేటిక్‌లో కాదు, టిప్పరు చక్రంలో. బొబ్బిలి రోడ్డులో ఒక షెడ్డు దగ్గర టిప్పరు వెనక హబ్బు విప్పి పెట్టారు. నడుమ ఒక చిన్న పళ్లచక్రం, దాన్ని సన్ గేరు అంటారు. దాని చుట్టూ నాలుగు పిల్లచక్రాలు, అవి ప్లానెట్లు. ఆ పిల్లలన్నిటినీ ఒకే చట్రానికి బిగించారు, అది క్యారియర్. అన్నిటినీ చుట్టి, లోపలి వైపు పళ్లున్న పెద్ద రింగు. గ్రీజు తుడిచి చేతిలో పెడితే ఏదో ఆభరణంలా ఉంది. నాలుగు పిల్లలూ ఒకేసారి పంటి మీద పన్ను వేసుకుని కదులుతాయి. బరువును నాలుగూ పంచుకుంటాయి కాబట్టే ఇంత చిన్న గుత్తి అంత లోడు మోస్తుంది.

లెక్కకోసం రింగుకు 70 పళ్లు, నడిమి చక్రానికి 30 అనుకుందాం. రింగును కదలకుండా పట్టి, నడిమి చక్రాన్ని తిప్పితే క్యారియర్ ఒక చుట్టు తిరగడానికి నడిమిది మూడుచుట్ల పైన, సరిగ్గా చెబితే 3.33 చుట్లు తిరగాలి. టిప్పరు చక్రానికి కావలసింది అదే: నెమ్మది, బలం. ఇప్పుడు ఒక్క పన్నూ మార్చకుండా పట్టుకునే చోటు మార్చండి. నడిమి చక్రాన్ని బిగబట్టి, క్యారియర్‌ని తిప్పి, రింగు నుంచి పని తీసుకోండి. క్యారియర్ ఒక చుట్టు తిరిగేసరికి రింగు 1.43 చుట్లు తిరుగుతుంది. అంటే నిష్పత్తి 0.70. అదే ఓవర్‌డ్రైవ్!

ఇదెలా జరుగుతుందో తెలియాలంటే ఎడ్లబండి చక్రాన్ని చూస్తే సరి. నేలను తాకిన చోటు ఆ క్షణానికి కదలదు. ఇరుసు బండి వేగంతో పోతుంది. చక్రం పైఅంచు దానికి రెట్టింపు వేగంతో పోతుంది. పిల్లచక్రానికి, బిగబట్టిన నడిమి చక్రమే నేల. పిల్లచక్రం ఇరుసు క్యారియర్. పైఅంచును అందుకునేది రింగు. ఇంజను ఇరుసును తోస్తుంటే, రింగు పైఅంచు పరుగును పట్టుకుంటుంది. ఎవరో మహానుభావుడు ఎప్పుడో బండిచక్రం వైపు బాగా చూశాడు అనిపిస్తుంది నాకు.

ఈ గుత్తిని నాలుగు గేర్ల పాత ఆటోమేటిక్‌లలో ఎలా వాడారో చూడండి. టొయోటా పికప్‌లలో 1980లలో వచ్చిన ఏ340 గేర్‌బాక్సులో ఓవర్‌డ్రైవ్‌కని విడిగా ఒక గుత్తి ఉంటుంది. నడిమి చక్రాన్ని ఒక క్లచ్చి క్యారియర్‌తో కలిపి కట్టేస్తే గుత్తి అంతా ఒకే ముద్దలా తిరుగుతుంది, ఒకటికి ఒకటి. ఆ కట్టు వదిలి, ఒక బ్రేకు నడిమి చక్రాన్ని గేర్‌బాక్సు గోడకు బిగబడితే ఓవర్‌డ్రైవ్. ఒక చెయ్యి వదిలేలోగా ఇంకో చెయ్యి పట్టుకోవాలి. రెండూ పట్టుకుంటే బిగుసుకుపోతుంది, రెండూ వదిలితే ఇంజను గాలిలో అరుస్తుంది. ఆ రెంటి నడుమ సందులో కప్పులో టీ తొణక్కుండా మార్పు జరిగిపోవాలి. పనితనమంటే ఇదీ.

ఓవర్‌డ్రైవ్‌ను క్రిస్లర్ కంపెనీ 1934లోనే ఎయిర్‌ఫ్లో కార్లలో పెట్టింది. కానీ ఆటోమేటిక్‌లలోకి అది వెల్లువలా వచ్చింది 1973 చమురు కరువు తర్వాతే. ఫోర్డు నాలుగు గేర్ల ఏఓడీ 1980 మోడల్ కార్లకు వచ్చింది. జనరల్ మోటార్స్ 700ఆర్4 మోడల్ 1982లో వచ్చింది. అప్పటినుంచే లివర్ పక్కన ఓడీ బొత్తాం చాలా బళ్లకు అలవాటైంది. మన దగ్గర నాలుగు గేర్ల ఎర్టిగా ఆటోమేటిక్‌కీ అది ఉండేది. బొత్తాం నొక్కితే మీటరు దగ్గర ‘ఓ/డి ఆఫ్’ దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే ఏదో పాడైందని భయపడినవాళ్లని చూశాను. వెలిగిందంటే పై గేరు మూసినట్టు, అంతే.

ఇక గేరు ఎప్పుడు మార్చాలో పెట్టెకు ఎవరు చెబుతారు? పాతకాలపు పెట్టెలో కంప్యూటరు లేదు, నూనె ఉంది. మడ్డువలస కాలవ షట్టర్లు చూసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. వాల్వు బాడీ అనే అల్యూమినియం దిమ్మెలో సన్నసన్నని కాలవలు, వాటిలో జారే కడ్డీలు. ఒక కడ్డీకి ఒక వైపున బండి వేగాన్ని బట్టి పెరిగే నూనె ఒత్తిడి, ఇంకో వైపున మీ కాలు తొక్కినదాన్ని బట్టి పెరిగే ఒత్తిడి. వేగం నెగ్గితే కడ్డీ అటు జరిగి పై గేరుకు దారి తెరుచుకుంటుంది. కాలు నెగ్గితే ఇటు జరిగి కింది గేరు. ఇప్పుడు ఆ తూకం కంప్యూటరు చేస్తోంది, కడ్డీల్ని సోలినాయిడ్లు కదుపుతున్నాయి. తూకం మాత్రం అదే.

ఈ తూకంలో ఒక లోటుంది. పెట్టెకు వేగం తెలుసు, కాలు తెలుసు. వెనక తొట్టిలో ఏముందో తెలియదు, వంపు తిరిగాక రోడ్డు లేస్తుందో వాలుతుందో అసలే తెలియదు. ఇప్పటి బళ్లు ఎత్తును కొంత పసిగడతాయి గానీ, ఎక్కడం మొదలైన తర్వాతే. ముందుగా చూడగలిగేది డ్రైవరు కన్ను ఒక్కటే. ఆ కంటి కోసం వదిలిన చోటే ఆ బొత్తాం. తయారుచేసినవాళ్లు తమ పెట్టె పరిమితి ఎరిగి ఆ చోటు వదిలారు. నాకు ఈ గేర్‌బాక్సులో అన్నిటికన్నా నచ్చింది ఆ వినయం.

సాలూరు మీదుగా కోరాపుట్ వెళ్లేటప్పుడు ఆ పికప్‌లో పక్క సీట్లో కూర్చున్నాను. తొట్టిలో బోరు మోటారు, పైపులు. రాజాం నుంచి బొబ్బిలి, రామభద్రపురం దాకా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. ఊళ్లు వచ్చినప్పుడు పెట్టె తనే కింది గేర్లకు దిగింది, ఊరు దాటాక తనే ఎక్కింది. ఖాళీ రోడ్డు మీద నిమిషానికి 2,500 చుట్లు తిరగవలసిన ఇంజను 0.70 నిష్పత్తిలో 1,750 దగ్గర గొణుగుతుంటుంది. అలాంటి చోట ఓవర్‌డ్రైవ్ ముట్టుకోనక్కర్లేదు. మామూలు తిరుగుడులో దాన్ని తీసి నడిపితే పెట్టెకు నష్టమేమీ లేదు, డీజిలే దండగ.

సాలూరు దాటి పి.కోనవలస ఘాట్ రోడ్డు మొదలయ్యాక లెక్క మారుతుంది. లోడుతో ఎత్తెక్కుతూ ఓవర్‌డ్రైవ్‌లో వదిలేస్తే పెట్టె పై గేరు వేస్తుంది, బలం చాలక వేగం పడిపోతుంది, మీరు కాలు నొక్కుతారు, కింది గేరుకు దిగుతుంది, ఇంజను అరిచి వేగం పుంజుకుంటుంది, కాలు తేలిక చేస్తారు, మళ్లీ పై గేరు. ఈ ఊగిసలాట మలుపు మలుపుకీ సాగుతుంది. చదునులో ఇంజన్నీ పెట్టెనూ గట్టిగా కలిపి ఉంచే లాకప్ క్లచ్చి ఈ లాగుడులో విడిపోతుంది. అప్పుడు ఆ రెంటి నడుమ ఉండే టార్క్ కన్వర్టర్ లోపల నూనెను నూనె చిలుకుతుంది. చిలికిన బలమంతా వేడి. ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమ రంగుకు తిరిగి మాడువాసన కొట్టిందంటే, అది ఇలాంటి ఎత్తుల మీద వచ్చిన వాసన కావచ్చు. గేరు తనంతట తను రెండుసార్లు ఎక్కి దిగిందంటే మూడోసారి కోసం ఆగొద్దు, బొత్తాం నొక్కి ఓవర్‌డ్రైవ్ తీసెయ్యండి. ఎదురుగాలిలో ఎత్తు లోడుతో పోయేటప్పుడూ ఇంతే.

కొత్త బళ్లలో చాలావాటికి ఆ బొత్తాం ఉండదు. మన దేశంలో 2022లో అమ్మకానికొచ్చిన టొయోటా హైలక్స్ ఆరు గేర్ల ఆటోమేటిక్‌నే తీసుకోండి. నాలుగోది ఒకటికి ఒకటి, ఐదోది 0.69, ఆరోది 0.58. అంటే ఓవర్‌డ్రైవ్‌లు రెండు! శ్రీసిటీలో 2016 నుంచి పికప్‌లు తయారుచేస్తున్న ఇసుజు కూడా ఆటోమేటిక్‌లో ఆరు గేర్లే ఇచ్చింది. వీటిలో లివర్‌ను పక్కకు తోసి నాలుగు దగ్గర ఆపితే పాత బొత్తాం నొక్కినట్టే. ఎత్తు నిటారుగా ఉంటే మూడు, రెండు.

దిగేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజను బండిని పట్టి ఉంచలేదు, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. కాసేపటికి అవి కాలి, పెడల్ తొక్కినా పట్టవు. న్యూట్రల్‌లో దించి డీజిలు మిగిల్చామనుకునేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత లారీ డ్రైవర్ల నియమం. ఆటోమేటిక్‌కీ అదే సరిపోతుంది.

ఆ రోజు ఘాట్‌లో నేను చూసినది చిన్న సంగతే. ముందు రోడ్డు ఇంకా చదునుగానే ఉంది. ఎదురుగా మలుపు పైన, చెట్ల మధ్య, గేరు మార్చి మూలుగుతూ ఎక్కుతున్న లారీ వెనక భాగం కనిపించింది. బండి నడుపుతున్న ఆయన మాట్లాడుతున్నది ఆపకుండానే లివర్‌ను పక్కకు తోసి రెండుసార్లు కిందికి తట్టాడు. ఇంజను గొంతు పెరిగింది. మరో పాతిక గజాలకు ఎత్తు మొదలైంది, బండి తడబడలేదు. సుంకి దాటి, పొట్టంగి దగ్గర రోడ్డు చదునయ్యాక, అదే చేత్తో లివర్‌ను డి వైపు లాగాడు. ఇంజను మళ్లీ గొణుగుడులోకి దిగింది.